యాప్ మూసి ఉన్నా కాల్ మోగాలంటే: పుష్‌తో ఇన్‌కమింగ్ వాయిస్ కాల్స్ ఎలా పెట్టుకోవాలి

యాప్ తెరిచి చేతిలో పట్టుకుని టెస్ట్ చేస్తే ఏ కాల్ అయినా మోగుతుంది. ఫోన్ లాక్ చేసి, టేబుల్ మీద బోర్లా పెట్టి, ఓ గంట దాని ఊసెత్తకుండా వదిలేసి, అప్పుడు కాల్ చేసి చూడండి. అసలు పని అక్కడ మొదలవుతుంది.

మీ యాప్‌లో ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు మాట వినిపించడం వరకు ఇప్పటికే పూర్తయిందని అనుకుంటున్నాను. వెబ్‌ఆర్‌టీసీ (నెట్ మీద మాట, వీడియో పంపే ప్రమాణం) మీద మీరే కట్టుకున్నా, ఎవరిదైనా ఎస్‌డీకే (సిద్ధంగా దొరికే కోడ్) తెచ్చుకున్నా సరే. ఇక్కడ చెప్పేది మిగతా భాగం: నిద్రపోతున్న ఫోన్‌ను లేపడం, మోగించడం, ఎత్తితే కలపడం, ఎత్తకపోతే ఆపడం. అందరూ మోగించడం గురించే టెన్షన్ పడతారు. నా నిద్ర ఎక్కువ పాడైంది మాత్రం ఆపడం దగ్గరే.

పనిలో దిగే ముందు ఒక్క సంగతి. పుష్ అంటే ఆపిల్, గూగుల్ సర్వర్ల ద్వారా ఫోన్‌కు పంపే చిన్న మెసేజ్. అది కాల్ కాదు, తలుపు తట్టడం. వచ్చినవాళ్లు ఇంకా గుమ్మం దగ్గర ఉన్నారా, వెళ్లిపోయారా అన్నది ఆ చప్పుడు చెప్పదు. అది సర్వర్‌కే తెలుసు. డిజైన్ అంతా ఈ తేడా మీదే నిలబడాలి.

1. సర్వర్‌లో కాల్‌కు ఒక రికార్డు

లత రవికి కాల్ చేసిందనుకోండి. ఆమె బటన్ నొక్కగానే సర్వర్ ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని పొడవైన ఐడీ) పుట్టించి, దానితో కాల్ రికార్డు రాసుకోవాలి. ఐఫోన్‌లో యాప్ కాల్‌ను మామూలు ఫోన్ కాల్‌లా చూపించే కాల్‌కిట్ ప్రతి కాల్‌కూ యూయూఐడీనే అడుగుతుంది. మొదటి నుంచీ అదే వాడితే రెండు రకాల ఐడీలను జతపరిచే తలనొప్పి ఉండదు. డేటాబేస్, పుష్, సాకెట్ (యాప్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉంచే కనెక్షన్) మెసేజ్‌లు, లాగ్‌లు అన్నింటా ఆ ఒక్క ఐడీయే.

రికార్డులో స్థితి అని ఒక కాలమ్ పెట్టండి: మోగుతోంది, ఎత్తారు, వద్దన్నారు, చేసినవాళ్లే కట్ చేశారు, ఎవరూ ఎత్తలేదు, ముగిసింది. స్థితి మార్చేటప్పుడు ‘ఇప్పుడు మోగుతోంది అయితేనే ఎత్తారుగా మార్చు’ అనే షరతును ఒకే అప్‌డేట్ క్వెరీలో రాయండి. ముందు చదివి తర్వాత రాస్తే, ఆ రెండింటి సందులో ఇంకో ఫోన్ దూరిపోతుంది. రవి దగ్గర ఫోనూ టాబ్లెట్టూ ఉన్నాయి. ఒకటి అతను ఎత్తాడు, అదే క్షణంలో రెండోది ఇంట్లో ఇంకెవరో ఎత్తారు. షరతు ఉంటే రెండో అప్‌డేట్‌కు సున్నా వరుసలు తిరిగొస్తాయి, ఆ పరికరానికి ‘వేరే చోట ఎత్తారు’ అని చెప్పేయొచ్చు. షరతు లేకపోతే ఇద్దరూ కలిసినట్టే కనిపిస్తారు, ఒకరికి మాట వినిపించదు.

ఎంతసేపు మోగాలన్నది కూడా సర్వరే తేల్చాలి. 30 నుంచి 45 సెకన్లు సరిపోతుంది. గడువు దాటితే సర్వరే స్థితిని ‘ఎవరూ ఎత్తలేదు’గా మార్చి అందరికీ చెప్పాలి.

2. టోకెన్లు

టోకెన్ అంటే పుష్ ఏ ఫోన్‌లోని యాప్‌కు వెళ్లాలో చెప్పే చిరునామా. దాన్ని తెచ్చి దాచడం చిన్న పనే. కాకపోతే ఐఫోన్‌లో టోకెన్లు రెండు అని మర్చిపోయి చాలామంది ఇరుక్కుంటారు. మామూలు నోటిఫికేషన్లకు వచ్చే టోకెన్ వేరు, పుష్‌కిట్ (కాల్ పుష్‌ల కోసం ఆపిల్ ఇచ్చే భాగం) ఇచ్చే వాయిప్ (నెట్ మీద వాయిస్ కాల్) టోకెన్ వేరు. కాల్‌కు రెండోది, మిస్డ్ కాల్ సమాచారానికి మొదటిది వాడాలి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ పుష్ సేవ అయిన ఎఫ్‌సీఎం ఇచ్చే టోకెన్ ఒక్కటే.

టోకెన్‌ను మనిషికి కాదు, పరికరానికి కట్టి దాచండి. దాని పక్కనే అది శాండ్‌బాక్స్‌దా (టెస్టింగ్‌కు) ప్రొడక్షన్‌దా (అసలు వాడకానికి) అన్నదీ రాసుకోండి. ఆపిల్ డెవలపర్ టూల్ ఎక్స్‌కోడ్ నుంచి నేరుగా ఎక్కించిన బిల్డ్ టోకెన్‌ను ప్రొడక్షన్ సర్వర్‌కు పంపితే ఆపిల్ ‘బ్యాడ్ డివైస్ టోకెన్’ అంటుంది. టెస్టర్లకు పంచే టెస్ట్‌ఫ్లైట్ బిల్డ్ మాత్రం ప్రొడక్షన్ కిందకే వస్తుంది. ఆపిల్ 410 ఇచ్చినా, ఎఫ్‌సీఎం ‘అన్‌రిజిస్టర్డ్’ అన్నా ఆ టోకెన్‌ను వెంటనే తీసేయండి. లాగౌట్ చేసినప్పుడు కూడా తీసేయాలి. లేకపోతే ఫోన్ అమ్మేసిన మనిషి కాల్స్ కొన్నవాడి చేతిలో మోగుతాయి.

3. పుష్ పంపడం

ఆపిల్ వైపు: పుష్ టైప్ హెడర్‌లో వాయిప్ అని పెట్టాలి. టాపిక్‌లో మీ బండిల్ ఐడీ చివర డాట్ వాయిప్ చేర్చాలి, ప్రయారిటీ 10 ఇవ్వాలి. ఎక్స్‌పిరేషన్ సున్నా గానీ, కొద్ది సెకన్లు గానీ ఉండాలి. ఇది వదిలేస్తే విమానం దిగి ఫోన్ ఆన్ చేసిన మనిషికి రెండు గంటల కిందటి కాల్ ఇప్పుడు మోగే ప్రమాదం ఉంది.

గూగుల్ వైపు: డేటా మెసేజ్ మాత్రమే పంపండి. పేలోడ్‌లో (మెసేజ్ లోపలి సమాచారంలో) నోటిఫికేషన్ అనే బ్లాక్ ఉంటే, యాప్ వెనక ఉన్నప్పుడు సిస్టమే ఒక మామూలు నోటిఫికేషన్ చూపించేసి ఊరుకుంటుంది. మీ ఆన్‌మెసేజ్‌రిసీవ్డ్ కోడ్‌కు పిలుపే రాదు. ‘కాల్ మోగడం లేదు, టింగుమని ఒక్క చప్పుడు వస్తోంది’ అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఈ బ్లాకే. ఆండ్రాయిడ్ ప్రయారిటీ హై అని, టీటీఎల్ (మెసేజ్ ఎంతసేపు చెల్లాలో చెప్పే విలువ) మీ రింగ్ గడువంత అని పెట్టండి. టీటీఎల్ ఇవ్వకపోతే ఎఫ్‌సీఎం నాలుగు వారాల దాకా దాచి ఉంచుతుంది. డేటాలోని విలువలన్నీ స్ట్రింగులే అయి ఉండాలి. నంబర్ పెడితే వెనక్కి కొడుతుంది. సర్వర్ కీతో పనిచేసే పాత హెచ్‌టీటీపీ ఏపీఐని గూగుల్ 2024లో మూసేసింది. ఆ కీ అడిగే ట్యుటోరియల్ కనిపిస్తే అక్కడే మూసేసి, సర్వీస్ అకౌంట్‌తో పనిచేసే వీ1 దారి పట్టండి.

పేలోడ్‌లో ఏం పెట్టాలి? కాల్ ఐడీ, చేసినవారి పేరు, ఆడియోనా వీడియోనా. అంతే. ఎస్‌డీపీ ఆఫర్‌ను (కాల్ కలపడానికి కావాల్సిన ఆడియో, నెట్‌వర్క్ వివరాలను) కూడా ఇందులోనే పంపేస్తే ఒక అడుగు కలిసొస్తుందని అనిపిస్తుంది. కానీ వాయిప్ పుష్‌కు హద్దు 5 కేబీ, ఎఫ్‌సీఎం డేటాకు 4 కేబీ. ఎస్‌డీపీ ఒకరోజు పట్టినా ఇంకోరోజు పట్టదు. పైగా పుష్ వచ్చేసరికి అది పాతబడి ఉండొచ్చు. యాప్ లేచాక సర్వర్ నుంచే తెచ్చుకోనివ్వండి. పేరు కూడా రహస్యంగా ఉండాల్సిన యాప్ అయితే ఎన్‌క్రిప్ట్ చేసి పంపి, ఫోన్‌లో విప్పుకోవచ్చు.

4. ఐఫోన్: ముందు మోగించు, తర్వాత అడుగు

పుష్‌కిట్ ఐఓఎస్ 8తో వచ్చింది, కాల్‌కిట్ ఐఓఎస్ 10తో. చాలా ఏళ్లు ఈ రెండూ ఒకదానితో ఒకటి పని లేకుండానే బతికాయి. వాయిప్ పుష్‌తో యాప్‌ను లేపి, కాల్‌తో సంబంధం లేని పనులు చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. 2019లో ఐఓఎస్ 13తో ఆపిల్ ఆ తలుపు మూసింది. వాయిప్ పుష్ అందిన ప్రతిసారీ కాల్‌కిట్‌కు ఒక ఇన్‌కమింగ్ కాల్ రిపోర్ట్ చేసి తీరాలి. చేయకపోతే సిస్టమ్ యాప్‌ను చంపేస్తుంది. పదే పదే అలా జరిగితే మీ యాప్‌కు వాయిప్ పుష్‌లు పంపడమే మానేస్తుంది. టెస్టింగ్‌లో అలా ఆగిపోతే నేను యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తాను.

క్యాపబిలిటీస్‌లో పుష్ నోటిఫికేషన్స్, బ్యాక్‌గ్రౌండ్ మోడ్స్‌లో వాయిస్ ఓవర్ ఐపీ, ఆడియో ఆన్ చేయండి. వాయిప్ పుష్‌లు అందుకునే పీకేపుష్‌రిజిస్ట్రీని యాప్ మొదలైన వెంటనే, యాప్ డెలిగేట్‌లోనే తయారుచేయండి. లాగిన్ స్క్రీన్ దాటాక చేద్దామంటే కుదరదు. పుష్‌తో లేచిన యాప్‌కు స్క్రీనే ఉండదు. ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ రాసే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ వాడేవాళ్లు ఈ ఒక్క ముక్కను నేటివ్ కోడ్‌లోనే రాయాలి. డార్ట్ గానీ జావాస్క్రిప్ట్ గానీ లేచి ఒళ్లు విరుచుకునే లోపే రిపోర్ట్ వెళ్లిపోవాలి.

పుష్ అందే ఫంక్షన్‌లో ఈ వరుస తప్పొద్దు. పేలోడ్ నుంచి ఐడీ, పేరు తీసుకోండి. కాల్ వివరాలు పెట్టే సీఎక్స్‌కాల్‌అప్‌డేట్ నింపి రిపోర్ట్ చేయండి. దాని జవాబు వచ్చాక పుష్‌కిట్ ఇచ్చిన కంప్లీషన్‌ను పిలవండి. సర్వర్‌తో మాటలు అన్నీ ఆ తర్వాతే. పేలోడ్ పాడై ఐడీ చదవలేకపోయినా సరే, అప్పటికప్పుడు ఒక కొత్త యూయూఐడీతో రిపోర్ట్ చేసి, వెంటనే ‘ఫెయిల్డ్’ కారణంతో ముగించండి. ఒక క్షణం స్క్రీన్ మెరుస్తుంది. యాప్ చావడం కంటే అది నయం.

నేను చేసిన తప్పు చెబుతాను. పుష్‌లో కాల్ ఐడీ మాత్రమే పెట్టి, పేరు సర్వర్‌ను అడిగి తెచ్చుకుని అప్పుడు రిపోర్ట్ చేసేలా రాశాను. వైఫైలో రోజంతా బాగానే పనిచేసింది. నెట్ నెమ్మదించిన చోట యాప్ చచ్చిపోయేది. వాడేవాళ్లకు కనిపించేది మాత్రం ‘కాల్ రాలేదు’ అనే. పుష్ పోయిందేమోనని రెండు రోజులు సర్వర్ లాగ్‌లు తవ్వాను. క్రాష్ రిపోర్ట్ ఫోన్‌లోనే కూర్చుని ఉంది.

ఇంకొకటి లాక్ స్క్రీన్‌ది. ఫోన్ తెరిచి ఉంటే కాల్ కలుస్తుంది, లాక్ చేసి ఉంటే మోగుతుంది కానీ ఎత్తగానే తెగిపోతుంది. లాగ్‌లో మైనస్ 25308 అనే ఎర్రర్. కీచైన్‌లో (ఐఫోన్ రహస్యాల పెట్టెలో) లాగిన్ టోకెన్ దాచేటప్పుడు ఏమీ చెప్పకపోతే అది ‘ఫోన్ తెరిచి ఉన్నప్పుడే’ చదవగలిగే రకంగా పడుతుంది. లాక్‌లో ఉండగా పుష్‌తో లేచిన యాప్ తన టోకెన్‌ను తానే చదవలేక సర్వర్ ముందు ఎవరో తెలియనివాడిలా నిలబడుతుంది. ‘మొదటి అన్‌లాక్ తర్వాత ఎప్పుడైనా’ అనే రకానికి మార్చండి. అప్పటికే దాచి ఉన్న టోకెన్లను కూడా చదివి తిరిగి రాయాలి. కొత్తగా లాగిన్ అయ్యేవాళ్లకు మాత్రమే సరిచేసి, పాతవాళ్లను అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

రిపోర్ట్ జవాబులో ఎర్రర్ వస్తే దాన్ని చదవండి. డు నాట్ డిస్టర్బ్ వల్లనో, బ్లాక్ లిస్ట్ వల్లనో సిస్టమ్ ఆపి ఉండొచ్చు. అప్పుడు కాల్ మోగలేదు కాబట్టి మీ వైపు కూడా దాన్ని మోగుతున్నట్టు లెక్కపెట్టకూడదు. చైనా యాప్ స్టోర్‌లో కాల్‌కిట్ వాడే యాప్‌లను అనుమతించరు. అక్కడ విడుదల చేసేవాళ్లు ఆ దారి వేరుగా చూసుకోవాలి.

5. ఆండ్రాయిడ్: తలుపులు చాలా, తాళాలూ చాలా

ఐఫోన్‌లో ఒకే దారి, ఒకే కఠిన నియమం. ఆండ్రాయిడ్‌లో వెర్షన్‌కో నియమం పేరుకుంటూ వచ్చింది. 6లో డోజ్ (వాడని ఫోన్‌ను గాఢనిద్రలోకి పంపడం), 8లో నోటిఫికేషన్ ఛానెళ్లు (ఒక్కో రకం నోటిఫికేషన్‌కు ఒక్కో సెట్టింగ్), 10లో వెనక నుంచి స్క్రీన్ తెరవడంపై నిషేధం, 12లో వెనక నుంచి ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే పని) మొదలుపెట్టడంపై ఆంక్షలు, 13లో నోటిఫికేషన్లకు అనుమతి, 14లో ఫుల్ స్క్రీన్ ఇంటెంట్‌కు (నోటిఫికేషన్‌తో స్క్రీన్ నిండా తెరవడానికి) పట్టింపు. హై ప్రయారిటీ మెసేజ్‌తో లేచిన యాప్‌కు వీటిలో కొన్నింటి నుంచి కొద్దిసేపు మినహాయింపు దొరుకుతుంది. మన పనంతా ఆ కొద్దిసేపట్లోనే జరగాలి.

మెసేజ్ అందగానే కాల్‌స్టైల్ నోటిఫికేషన్ తయారుచేయండి. ఆండ్రాయిడ్ 12తో వచ్చిన ఈ రూపంలో ఎత్తే బటన్, వద్దనే బటన్ సిస్టమే గీసి ఇస్తుంది. పాత వెర్షన్లలో నోటిఫికేషన్‌కాంపాట్ దానికి దగ్గరి రూపం చూపిస్తుంది. దీనికి ఫుల్ స్క్రీన్ ఇంటెంట్ జతచేయండి. ఫోన్ లాక్‌లో ఉంటే మీ కాల్ స్క్రీన్ నిండుగా తెరుచుకుంటుంది, వాడుతూ ఉంటే పైన పట్టీలా దిగుతుంది. ‘ఫుల్ స్క్రీన్ రావట్లేదు’ అని బగ్ రాసే టెస్టర్లు సగం మంది ఫోన్‌ను చేతిలో వాడుతూనే ఉంటారు. అది బగ్ కాదు.

ఆండ్రాయిడ్ 14 నుంచి ఈ ఫుల్ స్క్రీన్ అనుమతి కాలింగ్, అలారం యాప్‌లకే ముందుగా దక్కుతుంది. ప్లే కన్సోల్‌లో మీ యాప్ కాల్స్ కోసమేనని ప్రకటించుకోవాలి. ఆ అనుమతి ఉందో లేదో క్యాన్‌యూజ్‌ఫుల్‌స్క్రీన్‌ఇంటెంట్‌తో అడిగి, లేకపోతే సెట్టింగ్స్ పేజీకి దారి చూపండి. మైక్, నోటిఫికేషన్ అనుమతులను కాల్ వచ్చినప్పుడు కాదు, ముందే అడిగి పెట్టుకోండి. మోగుతున్న ఫోన్ మీద అనుమతుల డబ్బా తెరిచి చదవమంటే ఎవరూ చదవరు. ఐఫోన్‌లోనూ మైక్ అనుమతికి ఇదే వరుస.

ఎత్తే బటన్ దగ్గర ఒక గోతి ఉంది. బటన్ నొక్కితే ముందు బ్రాడ్‌కాస్ట్ రిసీవర్‌కు (స్క్రీన్ లేకుండా కబురు అందుకునే కోడ్‌కు) వెళ్లి, అది స్క్రీన్ తెరిచేలా రాయడం పాత అలవాటు. ఆండ్రాయిడ్ 12 నుంచి అలా మధ్యవర్తి ద్వారా స్క్రీన్ తెరవనివ్వరు. బటన్‌కు కట్టే పెండింగ్‌ఇంటెంట్ (నొక్కితే ఏం చేయాలో చెప్పేది) నేరుగా కాల్ యాక్టివిటీనే, అంటే కాల్ స్క్రీన్‌నే తెరవాలి. వద్దనే బటన్‌కు స్క్రీన్ అక్కర్లేదు కాబట్టి రిసీవర్ చాలు. కానీ రిసీవర్‌కు దొరికే సమయం తక్కువ. ‘వద్దన్నారు’ అని సర్వర్‌కు చెప్పే పనిని వెనక పనులు చూసుకునే వర్క్‌మేనేజర్‌కు అప్పగించి బయటపడండి.

కాల్ యాక్టివిటీకి లాక్ మీద కనిపించే, స్క్రీన్ వెలిగించే లక్షణాలు రెండూ ఇవ్వండి. ఆ యాక్టివిటీని మిగతా యాప్ నుంచి విడిగా ఉంచండి. లాక్ తీయకుండానే కాల్ ఎత్తి, వెనక్కి బటన్ నొక్కితే చాట్‌లన్నీ బయటపడే యాప్‌లు నేను చూశాను.

రింగ్‌టోన్‌ను ఛానెల్‌కు ఇస్తే సిస్టమే మోగిస్తుంది. సైలెంట్‌లో ఉంటే అదే ఊరుకుంటుంది. ఒకసారి మోగి ఆగిపోకుండా నోటిఫికేషన్‌కు ఇన్‌సిస్టెంట్ ఫ్లాగ్ పెట్టండి. ఒక్క హెచ్చరిక: ఛానెల్ తయారయ్యాక దాని శబ్దాన్ని మీ కోడ్ మార్చలేదు. టోన్ మార్చాలంటే కొత్త ఐడీతో కొత్త ఛానెల్ పుట్టించి పాతది తీసేయాలి. కోడ్‌లో ఫైలు మార్చి, మారలేదేంటని మళ్లీ మళ్లీ బిల్డ్ చేయకండి.

ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ మోగుతున్నంతసేపు ఫోన్‌కాల్ రకంలో ఉండాలి. దానికి మేనేజ్ ఓన్ కాల్స్ అనుమతి మ్యానిఫెస్ట్‌లో కావాలి. ఎత్తి, స్క్రీన్ ముందుకు వచ్చాకే మైక్రోఫోన్ రకాన్ని కలపండి. యాప్ వెనక ఉండగా మైక్ రకంతో మొదలుపెడితే ఆండ్రాయిడ్ 14లో సెక్యూరిటీ ఎక్సెప్షన్ పడుతుంది. టెలికాం వ్యవస్థతో మాట్లాడే పనిని జెట్‌ప్యాక్‌లోని కోర్-టెలికాం లైబ్రరీకి వదిలేస్తే బ్లూటూత్ హెడ్‌సెట్ బటన్లు, మధ్యలో వచ్చే సిమ్ కాల్ వంటివి అది చూసుకుంటుంది.

హై ప్రయారిటీ కూడా శాశ్వత హక్కు కాదు. ఆ మెసేజ్‌లు వచ్చినా వాడేవాళ్లకు ఏమీ చూపించకుండా ఉంటే ఎఫ్‌సీఎం మీ మెసేజ్‌ల స్థాయి తగ్గిస్తుంది. మెసేజ్ అందినప్పుడు దాని అసలు ప్రయారిటీ, అందిన ప్రయారిటీ రెండూ లాగ్‌లో రాయండి. తేడా కనిపిస్తే ఎక్కడో కనిపించని పనులకు హై వాడుతున్నారన్నమాట. అలా తగ్గినప్పుడు సర్వీస్ మొదలుపెట్టడమే విఫలం కావొచ్చు. ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని, సర్వీస్ లేకుండానే ఫుల్ స్క్రీన్ ఇంటెంట్‌తో నోటిఫికేషన్ చూపించండి.

6. ఎత్తాక మాట

ఇక్కడ ఐఫోన్‌దే కథ. కాల్‌కిట్ వాడుతున్నప్పుడు ఆడియో సెషన్‌ను ఆన్ చేసేది సిస్టమ్, మీరు కాదు. కేటగిరీ ప్లే అండ్ రికార్డ్ అని, మోడ్ వాయిస్ చాట్ అని చెప్పి ఊరుకోండి. సిస్టమ్ సెషన్ ఆన్ చేసి ప్రొవైడర్ డెలిగేట్‌కు (కాల్‌కిట్ కబుర్లు అందుకునే మీ కోడ్‌కు) చెప్పినప్పుడు మాత్రమే మైక్, స్పీకర్ మొదలుపెట్టండి. వెబ్‌ఆర్‌టీసీలో అయితే మాన్యువల్ ఆడియోను ఆన్ చేసుకుని, ఆ డెలిగేట్‌లో దానికి తెలియజేయాలి. మీరే తొందరపడి సెషన్ ఆన్ చేస్తే యాప్ తెరిచి ఉన్నప్పుడు ఏ తేడా కనిపించదు. లాక్ స్క్రీన్ నుంచి ఎత్తినప్పుడు మాత్రం టైమర్ నడుస్తుంది, ఇద్దరికీ నిశ్శబ్దం.

ఆడియో వచ్చాక ఆన్సర్ యాక్షన్‌ను ఫుల్‌ఫిల్ చేద్దామని (ఎత్తే పని పూర్తయిందని కాల్‌కిట్‌కు చెబుదామని) ఆగకండి. మీరు ఆడియో కోసం, సిస్టమ్ మీ ఫుల్‌ఫిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ‘నేను ఎత్తాను’ అని సర్వర్‌కు చెప్పి, సరేనని జవాబు రాగానే ఫుల్‌ఫిల్ చేయండి. లత అప్పటికే కట్ చేసిందని జవాబొస్తే యాక్షన్‌ను ఫెయిల్ చేసి కాల్ ముగించండి.

7. ఆపడం

మోగించడానికి ఒకటే కారణం. ఆపడానికి ఐదు: చేసినవాళ్లు కట్ చేశారు, వేరే పరికరంలో ఎత్తారు, వేరే పరికరంలో వద్దన్నారు, గడువు అయిపోయింది, అసలు పుష్ ఆలస్యంగా వచ్చింది. ఏదో ఒకటి వదిలేస్తే దెయ్యం కాల్స్ మొదలవుతాయి. ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తితే అవతల ఎవరూ ఉండరు.

ఆపే కబురు సాకెట్ మీద వెళ్లడం మొదటి దారి. పుష్‌తో లేచి మోగించిన వెంటనే యాప్ సర్వర్‌కు సాకెట్ తెరిచి ‘ఈ ఐడీ ఇంకా మోగుతోందా?’ అని అడగాలి. లేదంటే అక్కడే ఆపాలి. అవునంటే సాకెట్ తెరిచే ఉంచి, ఆపే కబురు కోసం వినాలి. పుష్ ఆలస్యమైన సందర్భం కూడా ఈ ఒక్క ప్రశ్నతోనే తీరుతుంది. పేలోడ్‌లో సమయం పెట్టి ఫోన్ గడియారంతో పోల్చే ఉపాయం జోలికి పోకండి. గడియారాన్ని చేత్తో ముందుకు జరిపి పెట్టుకునేవాళ్లు మీరు అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు.

సాకెట్ కలవకపోతే? ఆండ్రాయిడ్‌లో ఆపమని ఇంకో డేటా మెసేజ్ పంపొచ్చు. అది అందగానే రింగ్ నోటిఫికేషన్ తీసేసి, అదే చోట మిస్డ్ కాల్ నోటిఫికేషన్ పెట్టండి. వాడేవాళ్లకూ ఉపయోగం, హై ప్రయారిటీ మెసేజ్‌కు కనిపించే ఫలితం కూడా ఉన్నట్టవుతుంది.

ఐఫోన్‌లో ఇది అంత తేలిక కాదు. ఆపమని చెప్పడానికి వాయిప్ పుష్ పంపినా, దానికీ ఒక కాల్ రిపోర్ట్ చేసి తీరాలి. అందుకే అదే యూయూఐడీతో పంపండి. మోగుతున్న కాల్ ఐడీతోనే మళ్లీ రిపోర్ట్ చేస్తే ఆ ఐడీ ఇప్పటికే ఉందని ఎర్రర్ వస్తుంది, రెండో కాల్ పుట్టదు. ఆ వెంటనే కాల్‌ను ముగించేయొచ్చు. మొదటి పుష్ అసలు అందని ఫోన్‌లో మాత్రం ఇది ఒక్క క్షణం మోగి ఆగుతుంది. కాబట్టి సాకెట్ కలవలేదని సర్వర్‌కు తెలిసినప్పుడే ఈ దారి వాడండి. ఫోన్‌లో కూడా సొంతంగా ఒక టైమర్ ఉండాలి. సర్వర్ నుంచి ఏ కబురూ లేకపోతే రింగ్ గడువు దాటిన రెండు మూడు సెకన్లకు అదే ఆపేయాలి.

ముగించేటప్పుడు కారణం సరిగ్గా చెప్పండి. వేరే పరికరంలో ఎత్తితే ‘ఆన్సర్డ్ ఎల్స్‌వేర్’, వద్దంటే ‘డిక్లైన్డ్ ఎల్స్‌వేర్’, గడువు దాటితే ‘అన్‌ఆన్సర్డ్’, అవతలివాళ్లు కట్ చేస్తే ‘రిమోట్ ఎండెడ్’. అన్నింటికీ ఒకే కారణం పంపితే, టాబ్లెట్‌లో అరగంట మాట్లాడిన కాల్ ఫోన్‌లో మిస్డ్ కాల్‌గా ఎర్రగా కనిపిస్తుంది.

పుష్‌లు పంపిన వరుసలోనే అందుతాయన్న హామీ లేదు. ఆపమన్నది ముందు, మోగమన్నది వెనక రావొచ్చు. ఆగిపోయిన ఐడీలను ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు గుర్తుంచుకోండి. ఆ ఐడీతో రింగ్ వస్తే ఆండ్రాయిడ్‌లో వదిలేయండి, ఐఫోన్‌లో రిపోర్ట్ చేసి వెంటనే ముగించండి.

8. టెస్ట్ చేసేటప్పుడు

సిమ్యులేటర్‌ను నమ్ముకోకండి, అసలు ఫోన్లు కావాలి. యాప్ తెరిచి, వెనక ఉంచి, తోసేసి, లాక్ చేసి, ఇంకో సిమ్ కాల్‌లో ఉండగా, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీసి, రెండు పరికరాల్లో ఒకేసారి... వీటన్నింటినీ ఎత్తడం, వద్దనడం, అవతలివాళ్లు కట్ చేయడం అనే మూడింటితో కలిపి చూడండి. ఫోన్ రీస్టార్ట్ చేసి ఒక్కసారి కూడా అన్‌లాక్ చేయకుండా కాల్ చేసి చూడండి. అప్పుడు కీచైన్ ఇంకా తెరుచుకోదు కాబట్టి ఎత్తినా కలవదు, యాప్ చావకుండా మర్యాదగా ముగించాలి.

ఆండ్రాయిడ్‌లో యాప్‌ను చంపి చూడాలంటే ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే టూల్‌లో) ‘ఏఎం కిల్’ వాడండి. ‘ఫోర్స్-స్టాప్’ వాడితే ఆ యాప్‌ను మళ్లీ చేత్తో తెరిచేదాకా ఎఫ్‌సీఎం మెసేజ్‌లు ఇవ్వరు. టెస్ట్ ఎప్పుడూ విఫలమే అవుతుంది, లేని బగ్ కోసం వెతుకుతారు. కొన్ని ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో, యాప్‌ను పక్కకు తోస్తే చాలు ఇదే పని చేస్తాయి. దానికి కోడ్‌లో మందు లేదు. బ్యాటరీ సెట్టింగ్‌లో యాప్‌కు మినహాయింపు ఎలా ఇవ్వాలో ఒక పేజీలో బొమ్మలతో చూపించడమే. డోజ్‌లోకి నెట్టి చూడాలంటే ‘డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్’ ఉంది.

లాగ్‌లో ప్రతి మజిలీకీ కాల్ ఐడీ, సమయం ఉండాలి: సర్వర్ పుష్ పంపింది, ఆపిల్ లేదా గూగుల్ తీసుకుంది, ఫోన్‌కు అందింది, రిపోర్ట్ అయింది, ఎత్తారు, ఆడియో మొదలైంది. ఆపిల్ ఇచ్చే 200కు అర్థం పుష్ తీసుకున్నామనే, ఫోన్‌కు చేర్చామని కాదు. ఫోన్ వైపు లాగ్‌ను ఫైల్‌లో రాసిపెట్టి తర్వాత సర్వర్‌కు పంపేలా చేసుకుంటే, ‘నిన్న సాయంత్రం కాల్ రాలేదు’ అని ఎవరైనా అన్నప్పుడు ఆ ఐడీ వెతికి ఎక్కడ తెగిందో నిమిషంలో చెప్పొచ్చు.